కనపడని అతుకులో నిజాయితీ

మన సాహిత్యంలో శ్రమను గురించి చాలా వ్రాశాం. శ్రామికుని ఆకలిని వర్ణించాం, అతని సమ్మెను కీర్తించాం, అతని చేతికి జెండా ఇచ్చాం. అయితే ఆ చేతిలో జెండా లేని వేళ, అంటే రోజుకు పది గంటలు, ఆ చెయ్యి ఏం చేస్తున్నదో, ఏం ఆలోచిస్తున్నదో మనం పెద్దగా పట్టించుకోలేదు. ఒక కొయ్య మరొక కొయ్యలో సందు లేకుండా ఇమడడానికి ఏమేమి కావాలో మనలో ఎందరికి తెలుసు? నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా నాకు ఒక కిటికీ రెక్క ఊడిపోయిన తరువాతనే తెలిసింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఊళ్ళో చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మా ఇంట్లో సముద్రం వైపు గదికి రెండు కిటికీలు వున్నాయి. ఒకదాని రెక్కలు నిలిచాయి. రెండవదాని రెక్క ఒకటి కింది మూల విచ్చుకుని, చట్రం అల్లాడిపోయి, మర్నాటికి నేలమీద వున్నది. దాన్ని ఎత్తి చూస్తే అసలు రహస్యం బయటపడింది. అడ్డచెక్క కొసకు నాలుకలా తీసే కుసి, నిలువుచెక్కలో తొలిచిన బెజ్జంలోకి పూర్తిగా దిగాలి. బెజ్జం మూడంగుళాల లోతు వుంది. కుసి అంగుళం మేర మాత్రమే దానిలోకి వెళ్ళింది. మిగిలిన రెండంగుళాలూ రంపపు పొట్టూ బంకా కలిపిన లప్పం. దానిపైన రంగు. ఆరేళ్ళపాటు నేను ఆ రంగునే చూసి, కిటికీ బాగున్నదనుకున్నాను.

మరమ్మతుకు వచ్చిన వడ్రంగి అరవై దాటినవాడు. ఆయనకు ఆ ముక్క చూపించి, “దొంగపని మేస్త్రిగారూ, చూడండి” అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దొంగపనే మాస్టారూ, నాను కాదన్ను. అయితే రెక్కకి ఆడికెంతిచ్చేరేటి?”

“నేను కాంట్రాక్టరుకు ఇచ్చాను. అతను ఎంత ఇచ్చాడో నాకు తెలియదు.”

“అదేనండీ. ఈ బెజ్జాలు, కుసులు సరిగ్గా దించాలంటే రెక్కకి ఒక పూట పడతాది. ఆడికి పూటకి నాలుగు రెక్కలు అవ్వాల. కుసి పొట్టిగా కొయ్యకపోతే ఎలా అవుతాయండీ?”

నేను అడిగిన ప్రశ్న నీతికి సంబంధించింది. ఆయన చెప్పిన జవాబు గంటలకు సంబంధించింది. ఈ రెండింటికీ వున్న అతుకు ఎలాంటిదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మరునాడు ఉదయం తొమ్మిదింటికి ఆయన వచ్చాడు. రోజుకూలి మాట్లాడుకున్నాం. వచ్చినవాడు కొయ్య ముట్టుకోలేదు. రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, ఆకురాయి తీసుకుని, ఒక్కొక్క పన్నూ రాయడం మొదలుపెట్టాడు. ఒక వరుస అయిన తరువాత పళ్ళను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి రవ్వంత వంచుతూ వచ్చాడు. గంట గడిచింది. నేను గోడ గడియారం వైపు చూశాను. ఎనిమిది గంటల కూలీకి పనిలో ఒక గంట పోయిందే అని నా మనస్సులో లెక్క నడిచింది. ఆయన తల ఎత్తకుండానే, “ఇదీ పనే మాస్టారూ” అన్నాడు. అర్థశాస్త్రం పుస్తకాలు చదివి, శ్రమదోపిడి మీద ఉపన్యాసాలు ఇచ్చిన మనిషిని నేను. ఆ గంట కూలిని లోలోపల కోయాలనిపించిన మనిషినీ నేనే. ఈ మాట చెప్పకుండా తక్కిన మాటలు చెప్పడం నాకు న్యాయం కాదు.

ఆ గంట ఎందుకు కావలసి వచ్చిందో తరువాత అర్థమయింది. మొద్దు రంపానికి బలం కావాలి. బలం పెట్టినచోట భుజం బిగుస్తుంది. బిగిసిన భుజం రంపాన్ని దారి తప్పిస్తుంది. పదునైన రంపం తన బరువుతోనే దిగుతుంది. చెయ్యి దాన్ని తోలుతుంది, అంతే. పళ్ళు రెండు వైపులకూ వంగి వుండడం వల్ల కోత రేకు మందం కంటే కొంచెం వెడల్పుగా పడుతుంది, రేకు కొయ్యలో ఇరుక్కోదు. కనుక రంపం కోసేది గీతను కాదు, వెడల్పు వున్న ఒక గాడిని. ఆ గాడి ఏ వైపున పడాలన్నదే అసలు ప్రశ్న. గీతమీద కోస్తే కుసి సన్నబడి బెజ్జంలో వదులవుతుంది. గీతను మిగిల్చి, పారవేయవలసిన ముక్కవైపు కోయాలి. కావలసినదాన్ని కాపాడి, అక్కరలేనిదాన్ని తినడం రంపానికి తెలియదు. కోసేవాడికి తెలియాలి.

ఆయన టేపును చాలా తక్కువగా వాడాడు. ఒక చెక్కను మరొకదానిమీద పెట్టి, కత్తిమొనతో గీత గీశాడు. పెన్సిలు గీతకు మందం వుంటుంది, కత్తి గీతకు వుండదు. ఉలి వెడల్పే బెజ్జం వెడల్పు. ఆ బెజ్జం వెడల్పే కుసి మందం. అంగుళాలు, నూళ్ళు ఆ లెక్కలోకి రానే లేదు. ఖచ్చితత్వమంటే అంకెలలో వుంటుందనుకునే మనకు ఇది వింతగా తోస్తుంది. కాని ఆలోచిస్తే ఇదే యథార్థం. ఈ కొయ్య ఆ కొయ్యకు సరిపోవాలి. లోకంలోని మరే కొలబద్దకూ సరిపోనవసరం లేదు. వస్తువుకూ వస్తువుకూ మధ్య వుండే సంబంధంలోనే ఖచ్చితత్వం వుంది.

ఒక పాత ముక్క ఇచ్చి నన్నూ కోయమన్నాడు. పై గీత వెంట చాలా బాగా కోశాననుకున్నాను. తిప్పి చూస్తే వెనక వైపు కోత పావంగుళం పక్కకు పోయింది. నేను ఒక్క గీతనే చూశాను. ఆయన కొయ్యను ఏటవాలుగా పెట్టి, మూల దగ్గర మొదలుపెట్టి, పైగీతా పక్కగీతా రెండూ ఒకేసారి కంటికి ఆనేటట్లు కోశాడు. తరువాత కొయ్యను తిప్పి, రెండవ వైపునుంచి అదే విధంగా దించాడు. అప్పటికే పడిన గాడి రంపానికి దారి చూపింది. మూడో ముక్కకు గాని నా కోత గీతకు దగ్గరగా రాలేదు. అప్పటికి నా మణికట్టు నొప్పిపుట్టింది. ఆయన నవ్వి వూరుకున్నాడు.

1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్స్ తేనెటీగనూ శిల్పినీ పోల్చిన సంగతి మన పాఠకులకు తెలిసినదే. కట్టబోయేదాన్ని ముందుగా మనస్సులో కట్టుకోవడమే మనిషి శ్రమ ప్రత్యేకత అని ఆయన సిద్ధాంతం. ఆ మూడు ముక్కలూ కోసిన తరువాత నాకు తోచినదేమంటే, మనస్సులోని ఆ నమూనా ఒకసారి తయారై ఆగిపోయేది కాదు. కొయ్యలో ముడి తగిలినప్పుడు, నార అడ్డం తిరిగినప్పుడు, చేతి నుంచి మనస్సుకు కబురు వెళుతుంది. మనస్సు తన నమూనాను సవరించుకుంటుంది. ఆలోచన తలకూ, అమలు చేతికీ అని పంచిపెట్టిన సమాజం ఈ రాకపోకను తెంచుతున్నది. మన దేశంలో ఆ పంపకానికి కులం ముద్ర కూడా వేసి, ఉలి పట్టిన చేతికి పుస్తకాన్ని, పుస్తకం పట్టిన చేతికి ఉలిని దూరంగా వుంచారు. దాని నష్టం ఉలి పట్టినవాడికే అనుకున్నాం. గీతమీద రంపం దించలేని నా చేతినీ, ఒక గంట పదునుపనిని పనిగా గుర్తించలేని నా బుద్ధినీ చూసిన తరువాత, నష్టం రెండు వైపులా వున్నదని తెలిసింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. మంచి పని అంటే ప్రతి చోటా బిగువే అనుకుంటాం. అది నిజం కాదు. కొయ్య తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అదీ నార పొడుగునా దాదాపు ఏమీ వుండదు, నారకు అడ్డంగా బాగా వుంటుంది. విశాఖ వంటి సముద్రతీరంలో ఈ మార్పును లెక్కలోకి తీసుకోకపోతే తలుపు వానాకాలంలో పట్టేస్తుంది, వేసవిలో పగులుతుంది. అందుకే తలుపు చట్రాన్ని కుసులతో గట్టిగా బిగించి, మధ్య పలకను మాత్రం గాడిలో బంక లేకుండా వదులుగా నిలుపుతారు. చట్రానికి బిగువు, పలకకు చోటు. ఆ చోటు లేకపోతే ఉబ్బిన పలక చట్రాన్నే విరగదీస్తుంది.

ఈ సంగతి మన తీరంవాళ్ళకు కొత్త కాదు. 1933లో విశాఖ రేవు తెరుచుకునే దాకా ఓడలు సముద్రంలో దూరంగా నిలిచేవి. సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి పడవలు. కోరమండలం తీరంలో వాడుకలో వుండిన మసూలా పడవల పలకలను మేకులతో బిగించలేదు, కొబ్బరి తాళ్ళతో కుట్టారు. అల విరిగేచోట ఇసుకకు కొట్టుకున్నప్పుడు బిగించిన పడవ పగులుతుంది. కుట్టుపడవ కొంచెం వంగి ఆ దెబ్బను ఓర్చుకుంటుంది. అవసరాన్ని గ్రహించడమే స్వేచ్ఛ అన్న హెగెల్ భావాన్ని ఎంగెల్స్ 1878 నాటి ‘యాంటీ డ్యూరింగ్’లో వివరించాడు. తరగతి గదిలో నేను దానికి ఎన్నో ఉదాహరణలు ఇచ్చాను. గాడిలో వదులుగా నిలిచిన పలకకంటే మంచి ఉదాహరణ ఇప్పటికీ నాకు దొరకలేదు.

అయితే లప్పం సందు పలక చుట్టూ వదిలే చోటు వంటిది కాదు. పలక చుట్టూ వదిలే సందు కొయ్య స్వభావం తెలిసినవాడు ఉద్దేశించి వదిలింది. లప్పం కింది సందు చాలని గంటలు మిగిల్చింది, రంగు దాచింది. ఒకటి జ్ఞానం, రెండవది లోపం. బయటికి రెండూ ఒకలాగే ఏమీ కనపడకుండా వుంటాయి.

మరి కనపడని చోట నిజాయితీని నిలబెట్టేది ఏది? ఓడలు కట్టే చోటును తీసుకోండి. సింధియా కంపెనీ ఓడల నిర్మాణశాలకు ఈ ఊళ్ళో 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేశారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ను నెహ్రూ నీళ్ళలోకి ప్రవేశపెట్టారు. ఓడ ఉక్కుదే. కాని ఆ రోజుల్లో ఓడల నిర్మాణశాలల్లో ఉక్కు రేకు వంపు తిరగడానికి ముందు, విశాలమైన చెక్కనేల మీద ఓడ గీతలను పూర్తి కొలతతో గీసి, వాటినుంచి కొయ్య అచ్చులు కోసేవారు. పోతపని కూడా అంతే. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు మీటరుకు సుమారు ఒక సెంటీమీటరు, ఉక్కయితే సుమారు రెండు సెంటీమీటర్లు ముడుచుకుంటుంది. కనుక అచ్చు చేసే వడ్రంగి ఆ మేరకు పెద్దదైన ప్రత్యేకమైన కొలబద్దతో కొయ్య అచ్చును కోయాలి. ఉక్కునగరమని పేరుపడ్డ ఊరి వెనక రంపపు పొట్టు కూడా వున్నదని మనం మరచిపోతాం. అక్కడ లప్పం సాగదు. అతుకులో సందు వుంటే నీరు లోపలికి వచ్చి చెబుతుంది. సముద్రం లంచం తినదు. పైగా తప్పును పట్టుకోవడానికి అక్కడ తనిఖీ చేసేవారు వుంటారు. తప్పు లేకుండా చేయడానికి కావలసిన కాలాన్ని ముందుగా లెక్కలో వేస్తారు.

ఇంటి కిటికీకి ఆ సముద్రం లేదు. నాబోటి కొనుగోలుదారుకు రంగు కనపడుతుంది, ధర కనపడుతుంది, కుసి కనపడదు. పూర్తి కుసి పెట్టేవాడి ధర ఎక్కువ, పొట్టి కుసి పెట్టేవాడి ధర తక్కువ. రెండు రెక్కలూ పక్కపక్కన పెడితే ఒకలాగే వుంటాయి. నేను తక్కువ ధర ఎంచుకుంటాను. ఇలా పదిమంది ఎంచుకున్న తరువాత పూర్తి కుసి పెట్టే వడ్రంగికి పని వుండదు. అతను కూడా పొట్టి కుసి కోయడం నేర్చుకోవాలి, లేదా రంపం అటక మీద పెట్టి మరో పని వెతుక్కోవాలి. తరువాత మనం ‘ఈ కాలపు పనివాళ్ళలో నిజాయితీ లేదు’ అని వాపోతాం.

వెనకటి కాలంలో వుండేదనే వాదన ఒకటి వున్నది. మా ఊళ్ళో తాతలనాటి తలుపు నేటికీ చెక్కుచెదరలేదు, చూడండి అంటారు. నిజమే, కాని తాతలనాటి చెడ్డ తలుపులన్నీ ఏనాడో పొయ్యిలోకి పోయాయి. మిగిలినవాటిని మాత్రమే మనం చూస్తున్నాం. అదీగాక, ఆ మంచి తలుపు చేసినవాడికి గింజలు కొలిచి ఇచ్చి, వాకిట్లోనే నిలబెట్టిన రోజులవి. ఆ బిగువైన అతుకును మెచ్చుకుంటూ ఆ బిగువైన సంకెలను కూడా వెనక్కి తెచ్చుకోలేం.

రెండవ వాదన మన మిత్రులది, బలమైనది. “యజమాని కోసం అంత శ్రద్ధగా ఎందుకు చేయాలి? పనిమీద ప్రేమ అనేది శ్రామికుణ్ణి మరింత పిండుకోవడానికి వేసే ఎర కాదా?” అంటారు. ఈ ప్రశ్నను ఒక కార్మికుడే చాలా ముందు ఎదుర్కొన్నాడు. ఇళ్ళకు రంగులు వేసి బ్రతికిన రాబర్ట్ ట్రెస్సెల్ వ్రాసిన ‘ద రాగెడ్ ట్రౌజర్డ్ ఫిలాంత్రపిస్ట్స్’ అనే నవల అతను మరణించిన తరువాత 1914లో వెలువడింది. అందులో యజమానులు పనివాళ్ళను తొందరపెట్టి, పగుళ్ళను పూడ్చి పైన రంగు పూయిస్తారు. శ్రద్ధగా చేసేవాడు ఉద్యోగం పోగొట్టుకుంటాడు. అయినా ఓవెన్ అనే సోషలిస్టు కార్మికుడికి ఒక గది అలంకరణ పని దొరికినప్పుడు, రాత్రి ఇంట్లో కూర్చుని జీతం లేకుండా దాని నమూనాలు గీస్తాడు. లాభం యజమానిదేనని అతనికి బాగా తెలుసు. తెలిసీ చేస్తాడు. ట్రెస్సెల్ అతన్ని వెర్రివాడుగా చిత్రించలేదు. పనిలో మనిషి పొందవలసిన తృప్తి ఏమిటో, దాన్ని ఈ వ్యవస్థ ఎంత అరుదుగా చేసిందో ఆ ఒక్క గది ద్వారా చూపించాడు.

నా అభిప్రాయం ఇది. బిగువైన అతుకు యజమానికి బాకీ కాదు. కాంట్రాక్టరు కొన్నది పూటకు నాలుగు రెక్కలు. అతనికి అవి ముట్టాయి. కాని కిటికీ కింద పడుకునేవాడు కాంట్రాక్టరు కాదు. అక్కడ ఒక పసిపాప పడుకోవచ్చు. పనిచేసేవాడు ముఖం ఎరగని ఆ మనిషికీ అతనికీ మధ్య మాట ఇచ్చేది ఆ కుసి ఒక్కటే. ఆ మాట నిలుపుకోవాలన్న కోరిక పనివాడిలో వుంటుంది. ఆ వృద్ధుడు పొట్టి కుసిని చూసి ‘దొంగపనే’ అని ఒప్పుకున్నప్పుడు అతని గొంతులో నాకు వినపడింది ఆ కోరికే. దాన్ని ‘భ్రమ’ అని కొట్టివేసే సిద్ధాంతం శ్రామికుడి పక్షాన వున్నట్లు కనపడుతూనే, అతను కేవలం కూలికోసం కదిలే యంత్రమనే యజమాని భావాన్నే వల్లిస్తున్నది. రేపు శ్రామికుడే యజమాని అయిన నాడు ఆ నైపుణ్యం ఆకాశంనుంచి ఊడిపడదు. ఇవాళ చేతుల్లో మిగిలి వుంటేనే రేపు వుంటుంది.

యంత్రం వచ్చిన తరువాత ఈ చర్చ అక్కరలేదని కొందరంటారు. నేడు కంప్యూటరు నడిపే రంపాలు పలకలను వెంట్రుకవాసి తేడా లేకుండా కోస్తున్నాయి. యంత్రం మీద నాకు పగ లేదు. పదునుపెట్టిన రంపం కూడా ఒకప్పటి యంత్రమే. కాని 1974లో ‘లేబర్ అండ్ మొనాపలీ కాపిటల్’ వ్రాసిన హారీ బ్రేవర్‌మన్, తాను నౌకాశాలలో రాగిపని చేసి వచ్చినవాడు, అడిగిన ప్రశ్న మిగిలే వున్నది: పనిని గురించిన జ్ఞానం పనిచేసేవాడి దగ్గరనుంచి ఎక్కడికి పోతున్నది? యంత్రం కోసిన పలకను ఇంట్లో బిగించేది మనిషే. గోడ వంకరగా వున్నప్పుడు ఏం చేయాలో యంత్రం చెప్పదు. ఆ బిగించేవాడికి గంటలు ఇవ్వకపోతే, వెంట్రుకవాసి కోత పక్కనే మళ్ళీ లప్పం ప్రత్యక్షమవుతుంది.

ఇక నా సంగతి. నేను పనిచేసిన కళాశాలలో ఒకప్పుడు బెంచీలు కొనే సంఘంలో సభ్యుణ్ణి. మూడు టెండర్లు వచ్చాయి. అన్నిటికంటే తక్కువది ఒప్పుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండా బెంచీలు ఊగడం మొదలుపెట్టాయి. స్టాఫ్ రూములో అందరం వడ్రంగులను తిట్టాం. మా సంఘంలో ఎవ్వరమూ అతుకు ఎలా వుండాలని అడగలేదు. ఒక బెంచీని విప్పి చూపించమనలేదు. చేసేవాళ్ళకు పూటకు ఎంత ఇస్తారో విచారించలేదు. ఆ కాగితం మీద మా సంతకాలు వున్నాయి. ఆ వడ్రంగి బెజ్జంలో లప్పం పెట్టి రంగు పూశాడు. మేము గంటలు కోసి, పైన నీతి పూశాం. అతనికి ఆకలి కారణం వున్నది. మాకు ఆ కారణం కూడా లేదు.

వ్యవస్థను మార్చనిదే ఇది మారదని ఇక్కడ వ్యాసం ముగించవచ్చు. అది నిజమే, కాని ఆ నిజాన్ని కూడా మనం ఒక్కొక్కప్పుడు లప్పంగా వాడుతాం. మన వాదంలో ఎక్కడ సందు వున్నదో అక్కడ ఆ పెద్దమాటను కూరి పైన రంగు వేస్తాం. వ్యవస్థ మారేలోగా మన సంతకం పడే కాగితాలు, మనం మాట్లాడే కూలిరేట్లు, మనం చూసే గడియారాలు మన చేతిలోనే వున్నాయి. మళ్ళీ ఒకసారి ఆ సంఘంలో కూర్చున్నప్పుడు, కుసి నిడివి ఎంతో, కూలి ఎంతో టెండరులో వ్రాయించాలని అడిగాను. కాలయాపన అవుతుందన్నారు. ఓటు పెడితే ఒక్కడినే మిగిలాను. మళ్ళీ తక్కువ ధరే నెగ్గింది.

మేస్త్రి మా రెక్కను మూడు రోజుల్లో పూర్తిచేశాడు. కుసిని కొడతితో తట్టి బెజ్జంలోకి దించినప్పుడు బంక అక్కరలేకుండానే అది నిలిచింది. తరువాత బంక రాసి, చీల వేసి, రంగు పూశాడు. ఇప్పుడు ఆ రెక్క పక్కనున్న రెక్కల మాదిరిగానే వుంటుంది; చూసినవాళ్ళకు తేడా తెలియదు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు, మొదటి రోజు పొద్దుటి ఆ గంటను తీసివేయనందుకు నాలో నేను కొంచెం గర్వపడ్డాను. అలా గర్వపడినందుకే ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ గంటే లేకపోతే ఆ కుసి లేదు.